చేపలకు గాలి డ్యూటీ

కోల్డ్ స్టోరేజీల్లో ప్లాంటు ఆపరేటర్లుగా చేరిన కుర్రాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కంప్రెసరు ఎందుకు మూలుగుతోంది, అమ్మోనియా వాసన ఎక్కడి నుంచి వస్తోంది అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. వెళ్ళేముందు ఎవడో ఒకడు, "మీ సర్వీసు మొత్తంలో మిమ్మల్ని బాగా ఏడిపించిన కేసు ఏదండీ?" అంటాడు. గ్యాసు లీకై జనం పొలాలకు అడ్డంపడి పరుగెత్తిన కథ చెబుతానని వాళ్ళ ఆశ. నేను చేపల కథ మొదలుపెడతాను. మొహాలు వాడిపోతాయి. అయినా లేచి పోలేరు, అప్పటికే మా ఆవిడ వాళ్ళ చేతుల్లో టీ గ్లాసులు పెట్టేసి ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. గుంటూరు పొలిమేరలో వరసగా నిలబడి ఉండే కోల్డ్ స్టోరేజీల్లో నేను పనిచేసింది ఒకటి. పేరు అవసరం లేదు, అన్నిటికీ ఒకే గోడలు, ఒకే కారం. రైతులూ వర్తకులూ తెచ్చిన మిరప టిక్కీలను, అంటే మిరప గోతాలను, చాంబర్లలో పేర్చి, రంగు పోకుండా, పురుగు పట్టకుండా, మంచి ధర వచ్చేదాకా చలిలో నిద్రపుచ్చడం మా పని. మిరపకాయల నిద్ర చెడితే యజమానికి నిద్ర ఉండదు, ఆయనకు లేకపోతే నాకు అసలే ఉండదు.

నేను చీరాల వైపు మనిషిని. సముద్రం గాలి పీల్చి పెరిగిన ముక్కు నాది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ప్లాట్‌ఫారం మీద టిక్కీలు దించుతుంటే తుమ్మడం మొదలుపెట్టి కళ్ళు కనపడక గోడ పట్టుకుని నిలబడ్డాను. హమాలీల ముఠా మేస్త్రి మూట దించి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఒరేయ్, కొత్తకాయ వచ్చిందిరా!" అని అరిచాడు.

కొత్తగా వచ్చి తుమ్మే ప్రతివాడికీ అక్కడ అదే పేరు. కలెక్టరాఫీసు నుంచి వచ్చినా, కట్టుకున్న పెళ్ళాం అన్నం క్యారియరు తెచ్చినా, తుమ్మితే కొత్తకాయే. కొన్నాళ్ళు తుమ్ముతావు, తర్వాత గాలిలో కారం ఉందన్న సంగతే నీకు తెలియదు అని మేస్త్రి చెప్పాడు. అలాగే అయింది. ఆ తుమ్ములు ఆగిన రోజు నేను మోకరించి దేవునికి స్తోత్రం చెల్లించాను. ముక్కు చచ్చిపోయినందుకు కృతజ్ఞతలు చెప్పిన విశ్వాసి సంఘ చరిత్రలో నేనొక్కడినే అనుకుంటాను.

విశ్వాసి అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. మా సంఘంలో నేను పెద్దని. భోజనానికి ముందు ప్రార్థన, ఆదివారం ఆరాధన, చేతిలో సమయం ఉంటే వాక్యం. అందుకే స్టోరేజీలో యజమాని దగ్గర్నుంచి ముఠా దాకా అందరూ నన్ను పాస్టరు అనేవారు. నేను పాస్టరును కానని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. కంప్రెసరు ఆగితే మాత్రం ఆ పిలుపులో భక్తి వినిపించేది.

ఇక చేపలు. ఆ రోజుల్లో మా ప్రాంతానికి వాస్తు జ్వరం పట్టుకుంది. ఉన్న గేటు మూసి, లేని గేటు పగలగొట్టి, మెట్లు తిప్పి, బావులు పూడ్చి, మనుషులు తమ ఇళ్ళ మీద తామే దాడి చేసుకున్నారు. మా యజమానికి ఒక సిద్ధాంతి దొరికాడు. ఆయన దిక్సూచి చేత్తో పట్టుకుని ఆఫీసు హాలంతా తిరిగి, ఈశాన్యం మూల నిలబడి, "ఇక్కడ ప్రాణమున్న నీళ్ళు కావాలి" అన్నాడు.

ప్రాణమున్న నీళ్ళంటే అక్వేరియం అని తేలింది. నవంబరులో విజయవాడ నుంచి పెద్ద గాజు తొట్టె వచ్చింది. అందులో రంగురాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు, నోరు తెరుస్తూ మూస్తూ ఉండే బొమ్మ మొసలి, బంగారు చేపలు. గాలి కోసం ఒక చిన్న మోటారు. మోటారు పీల్చిన గాలి సన్నటి గొట్టంలోంచి నీళ్ళ అడుగున ఉన్న రాయికి వెళ్ళి, అక్కడ బుడగలై లేస్తుంది.

యజమాని నన్ను పిలిచాడు.

"ఏవయ్యా పాస్టరూ, ఏనుగంత కంప్రెసర్లు నీ మాట వింటాయి. ఈ సబ్బుపెట్టంత మోటారు వినదా? ఇది కూడా నీదే."

"నాకు చేపల సంగతి తెలియదండి."

"చీరాల వాడివి గదయ్యా!"

"మా వైపు చేపల్ని పట్టుకుంటారండి, పెంచరు."

"మీ దేవుడు చేపలు పట్టేవాళ్ళనే గదా శిష్యులుగా పెట్టుకుంది. పో, పని చూడు."

నా గ్రంథం సంగతులు ఆయనకు నన్ను ఇరికించడానికి కావలసినంత వరకు బాగానే తెలుసు.

చేపలకు మేత వేయడానికి, తొట్టె తుడవడానికి ఒక మనిషి కావాలి. షెడ్డులో పనిచేసే బూబమ్మను తీసుకొచ్చారు. బూబమ్మ ఆమె పేరు కాదు, వయసు మీరిన ముస్లిం ఆడవాళ్ళను మా వైపు పిలిచే పిలుపు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆమె మిరప షెడ్డులోనే ఉంది. తొడిమలు తీయడం, తాలుకాయ, అంటే రంగులేని పనికిరాని కాయ, ఏరి పక్కన పెట్టడం, సాయంత్రం షెడ్డంతా ఊడవడం. ఆ ఊడ్పుకు లేచే ఎర్రటి దుమ్ము మాకు లెక్కే కాదు. ఆమె రొమ్ముకు మాత్రం లెక్క తెలిసింది. ఆయాసం పట్టుకుంది. నాలుగు మాటలు మాట్లాడితే మధ్యలో ఆగి ఊపిరి తెచ్చుకోవాల్సి వచ్చేది. ఆసుపత్రిలో డాక్టరమ్మ, "దుమ్ము పని మానెయ్యి" అంది. మందు చీటీ మీద కూడా అదే రాసిందట. దుమ్ము లేని పని రాసిచ్చే చీటీ ఆవిడ దగ్గర లేదు.

ఆ చేపలు వచ్చాక బూబమ్మ షెడ్డులోంచి ఆఫీసుకు వచ్చింది. హాలు ప్లాట్‌ఫారం పక్కనే అయినా షెడ్డుతో పోలిస్తే అది స్వర్గం. శీతాకాలం గడిచేసరికి ఆమె ఆగకుండా ఆరు మాటలు మాట్లాడగలిగేది, ఆ ఆరూ తిట్లే అయినా సరే.

ఒకరోజు గాజు తుడుస్తూ, "అన్నా, ఈ బంగారు తల్లుల్ని చూడు" అంది. "నా మొగుడు చేయని పని ఇవి చేశాయి. నన్ను షెడ్డులోంచి బయటకి తెచ్చాయి. వీటికేమైనా అయితే మళ్ళీ చేట పట్టుకోవాలి. ఈసారి షెడ్డుకి పోతే నేను తిరిగి రాను అన్నా, నన్ను మోసుకు రావాలి."

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. ప్రార్థనలో ఆమె సంగతి పెట్టుకున్నాను, చేపల సంగతి కూడా.

ఫిబ్రవరి వచ్చింది, కొత్త పంట వచ్చింది. లారీలు బారులు తీరాయి. పొద్దున్నించి ప్లాట్‌ఫారం మీద టిక్కీలు దబదబా పడుతూనే ఉన్నాయి. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి నీటి అంచున గాలి మింగడం మొదలుపెట్టాయి. తర్వాత ఒకటి వెల్లకిలా తేలింది. దాని వెనకే ఇంకోటి.

విజయవాడ కొట్టువాడికి ఫోను చేశాను. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఆక్సిజన్ చాలట్లేదండి. ఇంకో మోటారు పెట్టండి."

పెట్టాం. బుడగలు రెట్టింపయ్యాయి, చావులూ రెట్టింపయ్యాయి. కొత్త చేపలు తెచ్చాం. మళ్ళీ ఫోను చేశాను.

"మోటారు చిన్నదేమో చూడండి. పెద్ద సైజు ఉంది."

మన దేశంలో అమ్మేవాడికి తెలియని రోగం, అతని కొట్టులో లేని మందు రెండూ ఉండవు.

నేనూ ఊరుకోలేదు. నలుగురిని అడిగాను. తెనాలి దగ్గర చెరువులు చూసే ఆయనొకడు మంచి సంగతి చెప్పాడు. నీళ్ళలో గాలి ముఖ్యంగా కలిసేది బుడగ లోపల కాదు, పైన నీళ్ళు కదిలే చోట. బుడగ పైకి వచ్చి పగిలి నీటిని కదిలించాలి. పైన తెట్టు కడితే గాలి దిగదు. వేడెక్కిన నీళ్ళలో గాలి తక్కువ నిలుస్తుంది. అన్నీ రాసుకుని వచ్చి తొట్టె చూస్తే పైన నిజంగానే సన్నటి తెట్టు ఉంది, కాస్త ఎర్రగా, జిడ్డుగా. చేపల మేత కూడా ఎరుపే కాబట్టి మేత ఎక్కువ వేస్తున్నారు అనుకున్నాను. బూబమ్మను మేత తగ్గించమన్నాను. ఆమె అంతకుముందే తగ్గించింది. ఇంకా తగ్గించింది. పాపం, ఆ చేపలు ఉపవాసంతో కూడా చచ్చిపోయాయి.

రోజూ సగం నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పోసేవాణ్ణి. మేస్త్రి బీడీ ముట్టించుకుంటూ కిటికీలోంచి చూసేవాడు.

"పాస్టరుగారూ, రోజూ నీళ్ళేనా? ఎంతమందికి ఇచ్చారు బాప్తిస్మం ఇవాళ?"

"నోర్ముయ్యరా."

"అదేంటో మరి, మీరు బాప్తిస్మం ఇచ్చినవి ఇచ్చినట్టు పరలోకానికి పోతున్నాయి. కాస్త మెల్లిగా పంపించండి."

అదే కాలంలో నాకొక ఆశ్చర్యం కనిపించింది. సోమవారం పొద్దున చూస్తే మిగిలిన చేపలు హుషారుగా ఉండేవి. అడుగున ఆడుకుంటూ, ఒకదాన్నొకటి తరుముకుంటూ. మంగళవారానికి వాడిపోయేవి. శనివారానికి అంచున వేలాడేవి. మళ్ళీ సోమవారం హుషారు. ఈ లెక్క చూసి నా ఒళ్ళు పులకరించింది. ఆదివారం విశ్రాంతి దినం, సృష్టి అంతా ఆ కట్టడను గౌరవిస్తోంది, బంగారు చేపలతో సహా! ఆ వారం ఆరాధనలో సాక్ష్యం చెప్పే సమయానికి లేచి నిలబడి ఈ సంగతి చెప్పాను. సంఘం "స్తోత్రం" అంది. మా సంఘ కాపరి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన కన్నీళ్ళు ఆపుకుంటున్నారనుకున్నాను. నవ్వు ఆపుకున్నారని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు.

సిద్ధాంతి కూడా సోమవారం హుషారును గమనించాడు. ఆదివారం సూర్యబలం వల్ల అన్నాడు. ఆదివారం ప్లాట్‌ఫారం మీద ఒక్క టిక్కీ కూడా పడదు అన్న ముక్క ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇద్దరం పైకే చూస్తున్నాం, పక్కకు చూసే తీరిక లేదు.

చావులు ఆగకపోయేసరికి దిష్టి అన్నారు. తొట్టె మీద నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టాలన్నారు. ఈ ఏర్పాటు వినగానే మేస్త్రి ముఠా అంతటినీ ఆపి, "ఒరేయ్, మిరపకాయలు కావాలంట! ఎక్కడ దొరుకుతాయో ఎవడికన్నా తెలుసా?" అని అడిగాడు. ఆ పూట ఒక గంట పని సాగలేదు.

దిష్టి మిరపకాయలు కూడా పనిచేయకపోతే మనిషిని వెతకడం ఆనవాయితీ. యజమాని నన్ను తన గదిలోకి పిలిచాడు. అది ఏసీ గది, ప్లైవుడ్ గోడ, గాజు తలుపు, హాలుకు నైరుతి మూల.

"పాస్టరూ, ఆ బూబమ్మ చెయ్యి మంచిది కాదంటున్నారు."

"ఎవరండి?"

"అందరూను. రోగిష్టి మనిషి చేత్తో మేత వేస్తే ఏం బతుకుతాయి? చూడు, మద్రాసు నుంచి ఎగుమతి కంపెనీ పెద్దమనిషి వస్తున్నాడు. రెండు చాంబర్లు సీజనంతా వాళ్ళకే ఇవ్వాలని మాట్లాడుతున్నాం. ఆయన వచ్చేసరికి ఆ మూల ప్రాణం కళకళలాడుతుండాలని సిద్ధాంతిగారు గట్టిగా చెప్పారు. కొత్త చేపలు తెప్పిస్తున్నా. ఇవి గనక ఆయన ముందు తేలితే ఆమె మర్నాడు షెడ్డులో ఉంటుంది. నువ్వు అడ్డం పడొద్దు."

"ఆమెకు ఆయాసం అండి. షెడ్డులో బతకదు."

"షెడ్డులో నలభైమంది బతుకుతున్నారు గదయ్యా."

బయటికి వస్తే బూబమ్మ తొట్టె దగ్గరే ఉంది. ప్లైవుడ్ గోడ మాట దాచే గోడ కాదు. చేతిలో గుడ్డ అలాగే ఉంది.

"విన్నా అన్నా" అంది. "నా చేత్తో వండిన అన్నం తిని ముగ్గురు కొడుకులు ఎద్దుల్లా పెరిగారు. చేపలకి మాత్రం నా చెయ్యి పడలేదంట."

ఆ రాత్రి నా ప్రార్థన మర్యాద తప్పింది. అడగడం కాదు, నిలదీశాను. జవాబు వచ్చింది. తుమ్ము రూపంలో వస్తుందని మాత్రం నేను ఊహించలేదు.

మద్రాసు పెద్దమనిషి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. తెలుగాయనే, మర్యాదస్తుడు. జీవితమంతా మిరప మీద బతికినవాడు, కాని ఆయన చూసిన మిరప అంతా ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి బల్ల మీదికి వచ్చిన నమూనాయే. సరిగ్గా ఆ పూటే ప్లాట్‌ఫారం మీద మూడు లారీలు దించుతున్నారు. హాలు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆయన లోపలికి అడుగు పెట్టి, చేతులు జోడించి, "నమస్కా..." అన్నాడు. మిగతా మాట తుమ్ముగా వచ్చింది.

ఆగలేదు. తుమ్ము మీద తుమ్ము. కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు కారుతున్నాయి. కిటికీ అవతల మేస్త్రి గొంతు మెల్లిగా వినపడింది, "కొత్తకాయ."

యజమాని కంగారు పడ్డాడు. "సారుకి గాలాడట్లేదు! ఫ్యాను పెద్దది చెయ్యండి!"

ఫ్యాను పెద్దది చేశారు. ఆయన ఇంకా తుమ్మాడు. స్టాండు ఫ్యాను తెచ్చి ప్లాట్‌ఫారం తలుపు దగ్గర పెట్టి ఆయన మొహం మీదికి తిప్పారు. ఆయన ఒంగిపోయి కుర్చీ పట్టుకున్నాడు.

"ఇంకో ఫ్యాను తేండిరా! సారుకి గాలి చాలట్లేదు!"

అప్పుడే యజమాని కళ్ళు ఈశాన్యానికి తిరిగాయి. ముందురోజు వచ్చిన కొత్త చేపలన్నీ నీటి అంచుకు చేరి నోళ్ళు తెరిచి ఉన్నాయి. ఒకటి పక్కకు ఒరుగుతోంది. తొట్టె వెనక బూబమ్మ గోడకు ఆనుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమె కూడా ఊపిరి తెచ్చుకుంటోంది.

"పాస్టరూ, ఏం చూస్తున్నావ్! గాలి చాలట్లేదు వాటికి! ఇంకో మోటారు పెట్టు!"

మూడో మోటారు నా చేతిలోనే ఉంది. ప్లగ్గు పెట్టబోతున్నాను. పెద్దమనిషి రుమాలులోంచి అరిచాడు.

"అయ్యా, ముందు ఆ ఫ్యాన్లు ఆపండి! మీకు పుణ్యం ఉంటుంది! గాలి ఎక్కువ కావాలని ఎవరడిగారు? అందులో కారం లేకుండా ఇవ్వండి చాలు!"

ప్లగ్గు నా చేతిలో అలాగే ఉండిపోయింది.

నడుస్తున్న మోటారు తీసి తిరగేశాను. అడుగున గాలి పీల్చే చోట చిన్న దూది బిళ్ళ ఉంటుంది. కొన్నప్పుడు తెల్లగా ఉంది. ఇప్పుడు పండుమిరపకాయ రంగు. స్క్రూ తీసి మూత విప్పాను. లోపల రబ్బరు మీద పచ్చడి జాడీ అడుగున మిగిలినట్టు ఎర్రటి పొడి. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాను. ఏమీ తెలియలేదు. యజమాని ముక్కు దగ్గర పెట్టాను.

"ఏముంది? దుమ్ము" అన్నాడు ఆయన.

మా భవనం మొత్తంలో పనిచేసే ముక్కు ఒక్కటే ఉంది, అది మద్రాసు నుంచి వచ్చింది. మర్యాద ఆలోచించే సమయం కాదు. వెళ్ళి ఆయన ముందు మోటారు పట్టాను.

"సార్, ఒక్కసారి ఇది వాసన చూస్తారా?"

పాపం, మంచి మనిషి, చూశాడు. ఆ తుమ్ముకు కిటికీ అవతల ముఠా అంతా చేతిలో మూటలు ఆపింది. యజమాని మొహంలో రెండు చాంబర్లు చల్లారిపోవడం నాకు కనిపించింది.

"నీకు పిచ్చా పాస్టరూ!"

"కాదండి. ఈ నెలంతా మనం చేపలకి పంపింది ఇదేనండి. ఒక మోటారుతో చాలక రెండు మోటార్లతో పంపాం."

వాక్యంలో మట్టిని మనిషిగా చేసిన సంగతి నేను చిన్నప్పటి నుంచి విన్నాను. దేవుడు మట్టిలోకి ఊపిరి ఊదాడు. మేము ఊపిరిలోకి మట్టి ఊదాం, అదీ కారం కలిపి. పైగా చావకుండా ఎలా చూడాలా అని రెండు మతాలవాళ్ళం తల బద్దలు కొట్టుకున్నాం.

పెద్దమనిషిని ఏసీ గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూశాం. ఆయన ఊపిరి కుదుటపడింది. కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా గాలి పీల్చుకున్నాడు. అది చూసి నాకు మిగతా దారి కూడా దొరికింది. మంచి గాలి ఆ గదిలోనే ఉంది. హాలులో ఉన్న రెండు మోటార్లూ పీకేసి, ఇంకా వాడని మూడో మోటారు తీసుకెళ్ళి ఆ గదిలో మూలన స్టూలు మీద పెట్టాను. ప్లైవుడ్ గోడకు ఫోను వైరు కోసం చేసిన కన్నంలోంచి పొడవాటి గొట్టం తోసి, హాలు గోడ వెంబడి లాక్కెళ్ళి తొట్టెలో వేశాను.

యజమాని నా వెంటే వచ్చి చెవిలో, "నా ఏసీ గాలి చేపలకా?" అన్నాడు.

"సారుకి పడ్డ గాలి చేపలకీ పడుతుందండి."

బూబమ్మ తెట్టు తీసేసింది. సగం నీళ్ళు తోడి, కొత్త నీళ్ళు బిందెతో ఎత్తు మీంచి సన్నటి ధారగా పోసింది, పాలు చల్లార్చినట్టు. ధార పడ్డ చోట నీళ్ళు తెల్లగా నురగలు కట్టాయి. ఆమె పోస్తూ ఆగుతూ, ఆగి ఊపిరి తీసుకుంటూ, మళ్ళీ పోసింది. నేను ప్లాట్‌ఫారం తలుపులు మూయించాను. మేస్త్రి అడ్డం రాలేదు, ఒక్క ముక్క అన్నాడు అంతే.

"ఇన్నేళ్ళలో ఆ తలుపు మూయడం ఇదే చూడటం. మేం పుట్టడం పుట్టడమే చేపలుగా పుట్టాల్సింది."

లోపల భోజనాలు అయ్యాయి. పెద్దమనిషి గోంగూర కారంగా ఉందంటూనే రెండుసార్లు వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని గాజు తలుపులోంచి చూస్తే చేపలు అంచు వదిలి అడుగుకు దిగి ఉన్నాయి. ఒరిగినది కూడా రాళ్ళ మధ్య మెల్లిగా తిరుగుతోంది. ఆయనకు భలే ఆనందం కలిగింది.

"నాకూ వాటికీ ఒకటే వైద్యం చేశావయ్యా! బాగుంది. మరి ఈ మోటారు ఆగిపోతేనో?"

ఆ మోటారు ఆగదు. ఆగినా పైనుంచి నీళ్ళు పోస్తే సరిపోతుంది. ఆ మాటే చెప్పాలి. అప్పటికి గాజు తలుపు అవతల బూబమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె చూపు చేపల మీద లేదు. యజమాని నోటి మీద ఉంది. చేపలు బతికాయి సరే, కాని ఇక ఏసీ గాలి ఉంటే ఆమె అవసరమేమిటి అని ఆయనకు తట్టడానికి ఎంతో సేపు పట్టదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"మోటారు దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలండి" అన్నాను. "గదిలోనే కూర్చుని, చప్పుడు కనిపెట్టుకుంటూ. చప్పుడు మారితే వెంటనే తెలియాలి."

యజమాని నన్ను చూశాడు. "ఎప్పుడూనా?"

"ఆఫీసు తెరిచి ఉన్నంతసేపూ అండి. చేపల సంగతి తెలిసిన మనిషైతే మంచిది."

"పెట్టండి, పెట్టండి" అన్నాడు మద్రాసు పెద్దమనిషి. "మళ్ళీ వచ్చినప్పుడు ఈ చేపల్ని చూడాలి నేను."

రెండు చాంబర్లు మాట్లాడటానికి వచ్చిన మనిషి అలా అన్నాక కాదనే యజమాని గుంటూరులో పుట్టలేదు. బూబమ్మకు ఏసీ గదిలో స్టూలు పక్కన ఇంకో స్టూలు పడింది. డ్యూటీ పేరు గాలి డ్యూటీ.

నేను చెప్పింది అబద్ధమేనా అని మా సంఘ కాపరిని తర్వాత అడిగాను. ఆయన మళ్ళీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇతరత్రా పాపాలకు నేను ప్రతి రాత్రీ క్షమాపణ అడుగుతాను. దీనికి ఇంతవరకు అడగలేదు.

వారం తిరక్కుండా బూబమ్మ యజమానికి ఒక ఫిర్యాదు చేసింది. ఒక్క మనిషే రోజంతా చప్పుడు వింటే చెవి మొద్దుబారుతుందట. మార్చి మార్చి కూర్చోవాలట. షెడ్డులో దగ్గుతున్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను తనే ఏరి పెట్టుకుంది. యజమాని సిద్ధాంతిని అడిగాడు. సిద్ధాంతి తెలివైనవాడు, అప్పటికే చేపల క్షేమమంతా తన ఖాతాలో వేసుకుని ఉన్నాడు. "నైరుతిలో ఆడమనిషి కూర్చుని ఈశాన్యానికి గాలి పంపడం లక్ష్మీప్రదం, ఆ చోటు ఖాళీ ఉండకూడదు" అన్నాడు. ఆయన మీద నాకున్న అభ్యంతరాలన్నీ ఆ ఒక్క మాటకు సగం చేసుకున్నాను.

షెడ్డుకు గాలి లాగే ఫ్యాన్లు పెట్టించమని ఆ ఊపులోనే అడిగాను. "ఎన్నేళ్ళుగానో లేనివి ఇప్పుడెందుకయ్యా?" అన్నాడు యజమాని. చేపలు కొత్తగా వచ్చాయి కాబట్టి వాటికి గాలి కావలసి వచ్చింది, మనుషులు పాతవాళ్ళు. తర్వాత కూడా సీజనుకు ఒకసారి అడుగుతూనే ఉన్నాను. సముద్రాన్ని చీల్చిన దేవుణ్ణి నమ్మినవాణ్ణి కాబట్టి అడగడం మానలేదు. సముద్రం చీలింది గాని, ఆ ఫ్యాన్లు రాలేదు.

కుర్రాళ్ళూ, మీకు ఇందులో పనికొచ్చేది ఒక్కటే. ఏ యంత్రానికైనా గాలి చాలట్లేదని ఎవరైనా అంటే, ఎంత గాలి అని అడగకండి, ఎక్కడి గాలి అని అడగండి. మీ ముక్కును నమ్మకండి. కొత్తగా వచ్చినవాడు తుమ్మితే నవ్వకండి, కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగండి.

నేను రిటైరైన రోజు శాలువా కప్పారు, దండ వేశారు. మేస్త్రి నా గొప్పతనం గురించి మాట్లాడుతూ బాప్తిస్మం మాట మళ్ళీ ఎత్తాడు. చివరగా యజమాని గదికి సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. అప్పటికి అక్వేరియం లేదు. హాలులో కొత్త బండలు పరిచినప్పుడు తీసేశారు, ఆ మూల ఇప్పుడు కంప్యూటరు ఉంది. మోటారు ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారు. గోడ కన్నంలోంచి గొట్టం ముక్క మాత్రం వేలాడుతోంది. దాని కింద స్టూలు మీద బూబమ్మ కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది. ఒళ్ళో అన్నం గిన్నె ఉంది.

యజమాని ఫోనులో ఉన్నాడు. నేను వంగి మెల్లిగా అడిగాను.

"ఏం కనిపెడుతున్నావు బూబమ్మా? తొట్టె లేదు, మోటారు లేదు, చేపలు లేవు."

ఆమె యజమాని వైపు ఒకసారి చూసి, ఎక్కడా ఆగకుండా, ఒకే ఊపిరిలో చెప్పింది.

"చేపలు లేకపోతే ఏముందన్నా, గాలి ఉందిగా, దాన్నొదిలి ఎక్కడికి పోతాను, డ్యూటీ దిగమని ఎవరూ చెప్పలేదు, నువ్వు కూడా చెప్పకు."

చెప్పలేదు.